చూసిన మాట, కోరుకున్న మాట

బోరబండ,
మంగళవారం సాయంత్రం.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో నీ కూతురు జెన్నీ వందనాలు. ఇక్కడ డాడీ, తమ్ముడు నేతన్, నేను ముగ్గురం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి పెన్ను ఆపేశాను. అది తెలియకనే కదా ఈ ఉత్తరం రాస్తున్నది! కోప్పడకుండా చివరిదాకా చదువు. మధ్యలో మడిచి బైబిల్లో పెట్టేయకు, నీకు ఆ అలవాటుంది.

నీ జాబు శనివారం అందింది. డోర్నకల్ నుంచి మూడు రోజుల్లో రావలసింది ఆరు రోజులు పట్టింది. "ఫోన్ల ప్రార్థన చేస్కుందాం, సంగతులు జాబుల రాస్కుందాం" అని నువ్వు హాస్టల్ మేట్రన్‌గా వెళ్లిన రోజు పెట్టిన రూలు మంచిదే. కానీ ఆ ఆరు రోజులూ నాకు అన్నం సహించలేదు. సరే, ముందు నీ ప్రశ్నలకు జవాబులు.

డాడీ బీపీ గోళీలు వేసుకుంటున్నాడు. అడిగితే "ఏసుకున్న" అనేవాడు, డబ్బా తెరిచి చూస్తే గోళీ అలాగే ఉండేది. అందుకని ఇప్పుడు నా ఎదుటే మింగించి, నోరు తెరిచి చూపించమంటున్నాను. "నేను ఆటో నడుపుతున్ననా, నీ దగ్గర ఎల్కేజీ చదువుతున్ననా?" అని ఒకటే గొణుగుడు. నేతన్ కృష్ణానగర్‌లో ఎవరితోనూ చెడు తిరుగుళ్లు తిరగడం లేదు. వాడు షూటింగుల్లో లైట్లు మోస్తున్నాడు, అంతే. "మావోడు సినిమాల్ల ఉన్నడు" అని నువ్వు అందరికీ చెప్పుకోకు తల్లీ, రేపు వాళ్లు పోస్టర్లో వాడి మొహం వెతుక్కుంటారు. నల్లా రోజు విడిచి రోజు వస్తోంది.

"ఆ నోట్‌బుక్కులల్ల పిచ్చి గీతలు ఇంకా గీస్తున్నవా? దేవుడే నీకు భాష ఇచ్చినంక ఆ బొమ్మలాట ఎందుకే?" అని అడిగావు. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. కొంచెం ఆగు.

ముందు నీ నాలుగో పేజీ సంగతి. దాన్ని ఎన్నిసార్లు చదివానో! మెట్రోలో నిలబడి చదివాను. ఇన్‌స్టిట్యూట్‌లో అడ్మిషన్ ఫారాల కింద దాచుకుని చదివాను. నువ్వు రాసింది ఇది: "గడ్డ కరుగుతున్నది బిడ్డా. అప్పుడప్పుడు సలుపుతది, చంకల సుత జర తగుల్తున్నది, గంతే. పంజాగుట్ట డాక్టరమ్మకు సూది పరీక్ష వద్దని ఫోన్ చేసి చెప్పేసిన. నా బిడ్డ నోట ఆత్మ మాట్లాడినంక సూది ఎందుకు? ఆదివారం ఫోన్ చేస్త, గదే భాషల ఇంకొక్కసారి ప్రార్థన చెయ్యి."

అమ్మా, రొమ్ములో గడ్డ కరుగుతుంటే చంకలో ఎందుకు తగులుతుంది? నుదుటి మీద చెయ్యి పెట్టి హాస్టల్ పిల్లలకు ఎంత జ్వరమో చెప్పేదానివి, నీకు తెలియదా?

ఆదివారం నువ్వు ఫోన్ చేశావు. స్పీకర్లో పెట్టి పిల్లలందరినీ పిలిచావు, వాళ్ల గుసగుసలు నాకు వినిపించాయి. "హలో, హలో, ఇనపడ్తలేదమ్మా" అని కట్ చేశాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఉన్నాను, సిగ్నల్ లేదు అని తర్వాత మెసేజ్ పెట్టాను. నేను ఫ్లైఓవర్ మీద లేను. మన మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని ఉన్నాను. సిగ్నల్ నిండుగా ఉంది.

నిన్న భోజనం టైములో నీ పాత రిపోర్టు పట్టుకుని పంజాగుట్ట వెళ్లాను. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషనే. డాక్టరమ్మ రిపోర్టు మీద తారీకు చూసి కళ్లజోడు తీసేసింది. "వారంలో తీసుకురమ్మంటే మూడు నెలలు కావస్తోంది! చదువుకున్నదానివి కాదా నువ్వు?" అని అడిగింది. ప్రార్థనతో తగ్గిందని అమ్మ నమ్ముతోంది అన్నాను. ఆవిడ అరవలేదు. "ప్రార్థన చెయ్యొద్దని నేనన్నానా? చేస్కుంటనే రమ్మను. గడ్డలన్నీ చెడ్డవి కావు, చాలావరకు ఏమీ ఉండదు. కానీ సూది వెయ్యకుండ నాకూ తెల్వదు, మీ అమ్మకూ తెల్వదు, మీ పాస్టర్‌కూ తెల్వదు" అంది. శనివారం పదకొండు గంటలకు నీ పేరు రాయించి వచ్చాను.

ఇప్పుడు నోట్‌బుక్కుల సంగతి. దీన్ని నువ్వు పిచ్చి గీతలంటావు, నేతన్ దయ్యాల భాష అంటాడు. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాను. మన ఒకటిన్నర గదుల ఇంట్లో నాకంటూ వేసుకునే తలుపు ఏది? డైరీ రాస్తే నేతన్ దొంగతనంగా చదివి, నా గొంతుతో యాక్టింగ్ చేసి చూపించేవాడు. అందుకని ఎవరికీ తెలియని భాష ఒకటి సొంతంగా కట్టుకుందామనుకున్నాను. దానికి నేను పెట్టుకున్న మొదటి నియమం, పెదవులు తగలకూడదు. ప, బ, మ లాంటి శబ్దాలకు అందులో చోటు లేదు. దుప్పటి కింద గొణిగినా, క్లాసులో గొణిగినా నా నోరు ఆడుతున్నట్టు ఎవరికీ కనిపించకూడదు. అన్నీ గొంతులోంచి, నాలుక కొస నుంచి రావాలి. డాడీ ఆటో స్టాండులో ఖాన్ భాయ్ ఖ పలికే తీరు నాకు మస్తు నచ్చేది, దాన్ని తెచ్చి పెట్టుకున్నాను. వానకు నెఖూర్. గొడుగుకు తహిళ. బస్సుకు దొల్గే. ఏ శబ్దం పక్కన ఏది రావచ్చో, ఏది రాకూడదో పట్టికలు గీసుకున్నాను. నువ్వు చూసిన గీతలు అవే.

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఇంకో నియమం చేర్చాను. ప్రతి వాక్యానికీ చివర ఒక తోక ఉండాలి. కళ్లారా చూసిన మాటయితే త. ఎవరో చెబితే విన్న మాటయితే నా. అలా ఉంటే బాగుండునని కోరుకున్న మాటయితే ళె. తోక లేకుండా వాక్యం ముగియదు. నేతన్ అన్నం తిన్నాడు అని ఊరికే అనేస్తే కుదరదు. తింటుంటే చూశావా, వాడు చెప్పాడా, తిని ఉంటే బాగుండు అనుకుంటున్నావా, చెప్పి తీరాలి. పదకొండేళ్లలో మూడు నోట్‌బుక్కులు నిండాయి, పదకొండు వందల నలభై మాటలయ్యాయి. మా ఇన్‌స్టిట్యూట్‌లో నా పక్క కుర్చీలో కూర్చునే మానస ఒకసారి అవి తిరగేసి, "గీ భాష ఎన్ని రోజుల కోర్సే? నేర్చుకుంటే ప్యాకేజ్ ఎంతొస్తది?" అంది. అమీర్‌పేటలో రోజూ ఎంతమందినో కంప్యూటర్ భాషల్లో చేర్పించేదాన్ని, నా భాషకు మాత్రం ఇంతవరకు ఒక్క స్టూడెంటూ లేడు.

నవ్వకు. నాకు బెంగ పుట్టినప్పుడల్లా అదే మందు. పరీక్షల ముందు, ఇంటర్వ్యూల ముందు ఆ నోట్‌బుక్కులోని అభ్యాసం వాక్యాలు వరసగా చెప్పుకుంటే గుండె దడ తగ్గేది.

అమ్మా, నీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా నేనే రాయాలి.

జనవరి రెండో తారీకు. పొద్దున నీ రిపోర్టు వచ్చింది, సాయంత్రం మనింట్లో ప్రార్థన కూడిక. అందరూ ఒక్కసారే ఎలుగెత్తి ప్రార్థిస్తుంటే పాస్టరమ్మ నా భుజం తట్టి, "నువ్వు సుత చెయ్యి బిడ్డా, మీ అమ్మ కోసం" అంది. ప్రభువా అన్నాను. ఆ తర్వాత తెలుగు రాలేదు. గడ్డ అన్న మాట అనలేకపోయాను. భయం వేస్తే నా నోటికి ఏది అలవాటో అదే వచ్చింది. పాస్టరమ్మ కళ్లు తెరిచి నా నోటి వంక చూసింది. "హల్లెలూయా! పెదివి పెదివి తగుల్తలేదు సూడుండ్రి! ఆత్మ లోపల్నుంచి మాట్లాడుతున్నడు! పాపకు భాషల వరం వచ్చింది!" అని కేక పెట్టింది. నువ్వు మోకాళ్ల మీద పడి, నా చెయ్యి లాక్కుని గడ్డ మీద పెట్టుకున్నావు.

మొదటి వాక్యం నాకు తెలియకుండా వచ్చింది. రెండోది తెలిసే అన్నాను. మూడోదీ తెలిసే. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి ఉన్న నీ మొహంలో అప్పుడే నవ్వు వచ్చింది, దాన్ని ఆర్పడానికి నాకు ధైర్యం చాలలేదు. పది నిమిషాలు చెప్పాను. నీ గడ్డ మీద చెయ్యి పెట్టి నేనేం చెప్పానో తెలుసా? వాన వస్తోంది. బస్సు రాలేదు. ఈ గొడుగు ఎవరిది? నిన్నటి ఇడ్లీ గట్టిగా ఉంది. అంతే అమ్మా, అవే అభ్యాసం వాక్యాలు. నా భాషలో గొడుగుకు మాట ఉంది, ఇడ్లీకి ఉంది, దేవుడికి లేదు. ఆయనతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేదాన్ని, అందుకని ఆ మాట కట్టే అవసరం పడలేదు.

కూడికలో ఆత్మ నిండి మిగతా అక్కల నోట వచ్చే తెలియని భాషల గురించి నేనేమీ అనను, అది వాళ్లకూ ప్రభువుకూ తెలుసు. నాది మాత్రం వరం కాదు. మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. క్రిస్మస్ సెలవులు అయిపోయి నువ్వు రైలెక్కాక ఫోన్లో చెబుదామనుకున్నాను. చెప్పలేక రోజులు జరుపుకుంటూ వచ్చాను. నువ్వు సూది మానేస్తావని నాకు తట్టలేదు. తట్టకపోవడమేమిటి, తట్టింది. తట్టినా నోరు మూసుకున్నాను. రాబోయే ఈస్టర్ రోజు మైకు ముందు సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మ అడిగింది. నిజం చెప్పేస్తాను, ఆమె ఏమన్నా పడతాను.

సైతాను నాతో ఇలా రాయిస్తున్నాడని నువ్వు అనుకుంటావేమోనని ఇంకో భయం. అందుకే మొదటి నోట్‌బుక్కులోంచి ఒక పేజీ చింపి ఇందులో పెడుతున్నాను. చింపుతుంటే ప్రాణం ఉసూరుమంది. దాని వెనక వైపు చూడు. రెండేళ్ల కిందటి క్రిస్మస్‌కు పక్కింటి వనిత ఆంటీ గులాబీ పువ్వులు ఎలా చెయ్యాలో అడిగితే, చేతికి దొరికిన ఈ పేజీ వెనకే నువ్వు రాశావు. మైదా, గుడ్లు, కొబ్బరిపాలు, చక్కెర తక్కువ ఎయ్యాలె. ఆంటీ ఫోటో తీసుకుని వెళ్లింది. ఇప్పుడు ముందు వైపు ఐదో వరస చదువు. గొడుగు ఎవరిది అని ఉంటుంది, నా భాషలో, కింద తెలుగులో. జనవరిలో ఆత్మ ఇచ్చిన మాట అప్పుడే నీ గులాబీ పువ్వుల వెనకకు ఎలా వచ్చింది?

నిన్న రాత్రి డాడీకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. చేతిలోని ఆటో తాళాలు పక్కన పెట్టాడు. తర్వాత, "నీ మొకం జూస్తె నాకు ఆరోజే డౌటొచ్చింది. మీ అమ్మ నవ్వుతున్నదని నేను సుత ఊకున్న. ఇద్దరం కల్సి దాన్ని ఆగం జేసినం" అన్నాడు. డాడీ ఏడవడం నేను మొదటిసారి చూశాను. ఇది త తోక పెట్టి చెప్పగలిగిన మాట.

ఈ ఉత్తరం రేపు పొద్దున్నే స్పీడ్‌పోస్ట్ చేస్తాను. శుక్రవారం పొద్దుటి బండికి బయల్దేరి నేను వస్తున్నాను. మీ వార్డెన్ అమ్మగారికి ఫోన్ చేసి నీకు నాలుగు రోజులు సెలవు అడిగాను, ఇచ్చింది. హాస్టల్ గేటు దగ్గర నిలబడతాను. కొట్టాలనిపిస్తే కొట్టు, పిల్లలందరి ముందూ కొట్టు. నీ విశ్వాసంతో ఆడుకున్నాను కాబట్టి పడాల్సిందే. కొట్టాక మాత్రం చీర మార్చుకుని నాతో రైలెక్కు. డాడీ స్టేషన్‌కు ఆటో తెస్తానన్నాడు.

గడ్డ కరుగుతున్నది అని నువ్వు రాసినదానికి నా భాషలో ఒక్క తోకే పడుతుంది, కోరుకున్న మాట. అమ్మకు ఏమీ లేదు అని నేను అనుకునేదీ అంతే. చూసిన మాట కావాలంటే మనిద్దరం ఆ సూది దాకా వెళ్లాలి. అది ఏం చెప్పినా సరే, నీ పక్కనే కూర్చుని వింటాను.

ఆ రోజు నీ మీద చెయ్యి పెట్టి చెయ్యని ప్రార్థన ఇప్పుడు చేస్తున్నాను. నీకు తెలిసిన భాషలోనే. ప్రభువా, మా అమ్మ గడ్డ అంటే నాకు చచ్చేంత భయంగా ఉంది. నన్ను క్షమించినా క్షమించకపోయినా, శుక్రవారం ఆమెను నాతో రైలెక్కించు. ఆమెన్.

ఇట్లు,
వరమేదీ లేని నీ కూతురు,
జెనీఫర్