ఏటవాలు చేనులో ముల్లంగి చల్లకండి

నాన్నా, నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు.

ఏటవాలు చేనులో మిగతా ముల్లంగి గింజలు చల్లకండి. గట్టువార చల్లినవి చచ్చిపోయాయని నువ్వు పంపిన మట్టిని ఇక్కడి మట్టి పరీక్షల గదిలో ఆరు కుండీల్లో నింపి, ఐదింట్లో అవే గింజలు, ఒకదాంట్లో గోధుమ వేశాను. నాలుగో రోజుకు అన్నీ మొలిచాయి. పన్నెండో రోజుకు ముల్లంగి ఆకులు సున్నం పూసినట్టు తెల్లబడి వాలిపోయాయి. మా పెద్దసారు కుండీ తిప్పి చూసి, "మొక్కజొన్నకి కలుపుమందు ఇంత కసిగా ఎవరు కొట్టారమ్మా? వానల్లేని ఏడు, అది కరక్క నేలలోనే కూర్చుంది" అన్నారు. "మావాళ్లే సార్" అన్నాను గోడకేసి చూస్తూ.

గోధుమ వేసిన కుండీ కాస్త నయం. అదైనా చల్లండి, లేకపోతే మొదటి పెద్ద వానకే పైమట్టంతా వాగులో కలుస్తుంది. మేకల్ని మాత్రం అందులోకి వదలొద్దు, మేపకూడదని మందు డబ్బా మీదే ఉంది. అమ్మ మోకాలు ఎలా ఉంది? పాక మీద రేకు మార్పించారా?

రెండుసార్లు మందు కొట్టి చేను పాడుచేశాడని బాబాయితో మాట మానేశావట, అమ్మ రాసింది. రెండోసారి కొట్టమని చెప్పింది నేను నాన్నా. చదువుకున్న పిల్ల మాట కదా అని కొట్టాడు, ఇన్నాళ్లూ నా పేరు బయటపెట్టలేదు. పిన్నికి నమస్కారాలు చెప్పు. ఈ కార్డు పట్టుకెళ్లి బాబాయికి చదివి వినిపించు. ఆయన చాల్లే అన్నా ఆపకు.

నీ పెద్దమ్మాయి