పందెంలో ముసుగు

పచూకా,
జూలై 14, 1987, మంగళవారం.

నాయనా ఫిదెన్సియో,

గ్వాదలూపే మాత నిన్నూ నీ ఇంటినీ చల్లగా చూడాలని మొక్కుకుని మీ అమ్మ రాస్తున్నది. ముందు నీ నడుము ఎలా ఉందో చెప్పు. రేవులో క్రేను ఎక్కి దిగేటప్పుడు పట్టేస్తోందన్నావు. ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి పెట్టుకుంటున్నావా, లేక నా మాట ఎప్పటిలా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశావా? అంపారోకు తల తిరగడం తగ్గిందా? ఉప్పు తగ్గించమను, ఒక్కతే బజారుకు వెళ్ళొద్దని చెప్పు. లీనో దగ్గు సంగతి రాయలేదు. రాయలేదంటే తగ్గిందని అనుకోవాలా, ఎక్కువైందని అనుకోవాలా? బెతీనాకు ముందు పన్ను వచ్చిందా? మీ అత్తగారి కంటి ఆపరేషను బాగా జరిగిందా? ఆవిడకు నేనంటే పడకపోయినా అడిగానని చెప్పు.

ఇక్కడ నేనూ నీ కూతురూ బాగానే ఉన్నాం. బాగానే అని రాయడానికి కొంచెంసేపు ఆలోచించాను. ఆ ఆలోచనే ఈ ఉత్తరం.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడం నా జన్మలో లేదు. అమ్మకేమైనా అయిందేమోనని నువ్వు కంగారుపడుతుంటావని నేను ఇక్కడ కంగారుపడుతూ కూర్చున్నాను. అడిగినవన్నీ వరుసగా చెప్తాను. ఇంటి పైరేకులు గాలికి లేచిపోలేదు. వాటి మీద ఇంకో నాలుగు రాళ్ళు పెట్టించాను. చక్కెర మాత్రలు వేసుకుంటున్నాను. తీపి రొట్టె మానేశాను, ఆదివారాలు తప్ప.

ఇక మూడోది. నీ స్నేహితుడు నికనోర్ నీకు రాసింది నిజమా అని అడిగావు. నిజమే. నీ కూతురు బళ్ళో వ్యాయామం టీచరు కాదు. కుస్తీ పడుతుంది. ఆదివారం సాయంత్రం ఐదు గంటల ఆటలో, మూడు వేల మంది ముందు, ముసుగు వేసుకుని. గోడల మీద పోస్టర్లలో అందరికంటే పైన, అందరికంటే పెద్ద అక్షరాల్లో ఉండే "సుడిగాలి" మన గ్రిసెల్దాయే.

నాలుగోది కూడా అడిగావు. ముసుగు వెనక ఉన్నదెవరో ఊరికి ఎవడు చెప్పాడు, వాడి పళ్ళు రాలగొడతాను అన్నావు. దాని జవాబు చివర్లో చెప్తాను. ముందు ఇదంతా చదువు. కూర్చుని చదువు. నిలబడి చదివితే నీకు కోపం తొందరగా వస్తుంది, మీ నాన్నకూ అంతే.

మూడేళ్ళుగా నీకు అబద్ధం రాశాను. చర్చిలో పాదిరి దగ్గర ఒప్పుకున్నాను. పది జపమాలలు చెప్పమన్నాడు, చెప్పేశాను. కాబట్టి ఆ విషయంలో దేవుడితో నాకు గొడవ లేదు. మిగిలింది నీతోనే.

గ్రిసెల్దా పోటీల్లో ఇనుప గుండు విసిరే రోజుల్లో నువ్వు పేపరులో వచ్చిన బొమ్మ కత్తిరించి రేవులో అందరికీ చూపించేవాడివి. మోచేతిలో నరం తెగిన రోజున ఆసుపత్రికి క్రీడల సంఘం పెద్దమనిషి ఒకడు వచ్చాడు. వాడేమన్నాడో నీకెప్పుడూ చెప్పలేదు. "బంగారూ, నీ పని అయిపోయింది. మెత్తని రొట్టెలు చెయ్యడం నేర్చుకో, మొగుడైనా దొరుకుతాడు" అన్నాడు. అప్పుడు నా చేతిలో వేడి సూపు గిన్నె ఉంది. వాడి నెత్తిన పొయ్యలేదే అని ఇప్పటికీ బాధపడతాను. ఆ తర్వాత నువ్వు ఫోను చేసి, "అయిందేదో అయింది, ఇక్కడికి వచ్చెయ్" అన్నావు. ఆ మాట తప్పనను. కానీ ఆ పేపరు బొమ్మ గోడ మీంచి తీసేశావట. అంపారో చెప్పింది నాకు. పిల్లకు కూడా చెప్పింది.

రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకుంది నాయనా. రొట్టె, నాగజెముడు కూర మంచం దగ్గరకు తీసుకెళ్తే ఎలా పెట్టింది అలానే ఉండిపోయేది. నేను పొద్దున లేవగానే ముందు దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని.

ఒకరోజు, "చేతికి వైద్యానికి వెళ్తున్నా నానమ్మా" అని బయలుదేరింది. నాలుగు వారాలు అలాగే వెళ్ళింది. వైద్యానికి వెళ్ళిన మనిషి ఒంటి నిండా దెబ్బలతో వస్తుందా? వెనకే వెళ్ళాను. టైర్ల దుకాణం వెనక కొట్టంలో రింగు కట్టుకుని నలుగురైదుగురు కుస్తీ నేర్చుకుంటున్నారు. వాళ్ళలో ఇది. జుట్టు పట్టుకుని లాక్కొద్దామని లోపలికి దూరాను.

"అమ్మా, చెప్పులతో ఎక్కకు" అన్నాడు గురువు దోన్ కాస్తులో. వయసులో ఉన్నప్పుడు పెద్ద కుస్తీ మనిషేనట. చెవులు రెండూ నలిగి ఉడికిన క్యాబేజీలా ఉన్నాయి.

"నా మనవరాలిని నాకిచ్చెయ్" అన్నాను.

"తీసుకుపో తల్లీ. నాలుగు వారాల నుంచీ పొమ్మంటున్నా, పోదే! నువ్వైనా చెప్పి చూడు."

"ఏం నేర్పుతున్నావు దీనికి?"

"పడటం."

"అది ఒకరు నేర్పాలా? వానొస్తే మా వీధి మెట్ల మీద అందరం పడతాం."

"పడతారు, తర్వాత నెల రోజులు మంచంలో ఉంటారు" అన్నాడు ముసలాడు. "ఆర్నెల్లు ఇదే నేర్పుతా. పడి, గాలి పీల్చుకుని లేవడం. ఆ తర్వాతే కొట్టడం."

వాడలా అంటుండగానే అది వెల్లకిలా పడింది. బండి మీంచి సిమెంటు బస్తా దించినట్టు చప్పుడు. లేచింది. మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది. చెమటతో ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. రెండు నెలల తర్వాత దాని ముఖంలో రంగు చూశాను ఫిదెన్సియో. లాక్కురాలేదు. చలిగాలి వీస్తోందని స్వెట్టరు ఇచ్చి వచ్చేశాను. నన్ను తిట్టాలనుకుంటే ఆ స్వెట్టరు దగ్గర మొదలుపెట్టు.

మొదట్లో ఊళ్ళ తిరునాళ్ళలో ఆడేది. జనం ఏడిపించేవాళ్ళట. "ఓ లావుపిల్లా, మంచం కావాలా?" అని అరిచేవాళ్ళట. కుడిచేతిలో బలం సగమే మిగిలింది. కానీ గుండు విసిరే ముందు గిర్రున తిరుగుతుంది చూడు, ఆ తిరుగుడు దాని కాళ్ళలో అలాగే ఉంది. ఎదుటి మనిషిని భుజాల మీద వేసుకుని అలా తిరిగి తిరిగి విసిరేసేది. ఒకసారి చూసిన జనం మళ్ళీ మళ్ళీ అదే చెయ్యమని గోల. సుడిగాలి అనే పేరు అక్కడే వచ్చింది. ఇప్పుడు బజారులో కూరలమ్మే ఆడవాళ్ళంతా ఆదివారం మధ్యాహ్నానికే గంపలు కట్టేసి కుస్తీలు జరిగే అరేనాకు పోతున్నారు. చిన్నపిల్లలు దాని ముసుగు లాంటివి వేసుకుని మన మెట్ల మీద ఒకరినొకరు విసిరేసుకుంటున్నారు. ఎవరి తల పగులుతుందోనని నాకు అదొక బెంగ.

పక్కింటి తోమాసా, "అదంతా నాటకం ఒబ్దూలియా, ముందే అనుకుని ఆడతారు" అంటుంది. "అయితే దాని వీపు మీద నల్ల మచ్చలు ఎవరు గీశారే, నువ్వా?" అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె.

ముసుగు కుట్టేది నేనే. నీలం గుడ్డ, మీద తెల్ల సుడులు, వెనక గట్టి తాడు. ఆ ముసుగు సంగతి నీకు తెలుసు, ఈ ఊళ్ళోనే పుట్టావు. అరేనాకు దానితోనే వెళ్ళాలి, దానితోనే రావాలి, ఎవరి ముందూ తియ్యకూడదు. ఆటలో ఎదుటివాళ్ళు లాగేస్తే అది తప్పాట, లాగినవాళ్ళు ఓడినట్టే. అప్పుడు ఎవరో ఒకరు తువ్వాలు విసిరి ముఖం దాస్తారు. కానీ పందెం కాసి ఓడితే మాత్రం సొంత చేత్తో ముసుగు విప్పి, పేరు, ఊరు, ఎన్నేళ్ళుగా ఆడుతున్నదీ అందరికీ చెప్పాలి. మళ్ళీ జన్మలో అది వేసుకోకూడదు. మూడేళ్ళు పిల్ల ఆటలో ఎవరికీ ముఖం చూపించలేదు. ఎందుకో తెలుసా? నీకోసం. "అర్రియేతా అనే మన ఇంటిపేరు బయటికి రాకూడదు నానమ్మా, నాన్న తట్టుకోలేడు" అనేది.

ఇప్పుడు నాలుగో జవాబు.

నేనెప్పుడూ ఆటకు వెళ్ళేదాన్ని కాదు. ఇంట్లో కొవ్వొత్తి వెలిగించి కూర్చునేదాన్ని. జూన్ ఇరవై ఒకటో తేదీ ఆదివారం మాత్రం అది చెయ్యి పట్టుకుని అడిగింది, "ఒక్కసారి రా నానమ్మా" అని. వెళ్ళాను. రెండో వరసలో కూర్చున్నాను. ఆ రోజు దాని మీద ఆడింది "రక్తపింజరి" అనే ఎర్రజుట్టు ఆడమనిషి. నడుము దాకా జుట్టు, మొరటు ఆట. జనమంతా దాన్ని తిడుతుంటే అది ఇంకా రెచ్చిపోతుంది. మూడో పట్టులో గ్రిసెల్దాను తాళ్ళకేసి నొక్కి, వెనక తాడు విప్పి ముసుగు ఒక్క లాగు లాగింది. పిల్ల బోర్లా పడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తువ్వాలు పట్టుకోవాల్సిన దోన్ కాస్తులో అవతలివైపు రిఫరీతో పోట్లాడుతున్నాడు.

నేనెలా ఎక్కానో నాకు తెలియదు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. తాళ్ళ మధ్య దూరాను. నా శాలువా తీసి దాని తల మీద కప్పాను. చేతిసంచితో ఆ రక్తపింజరిని రెండు వాయించాను. సంచిలో నీళ్ళ సీసా ఉంది. జనం ఈలలు, కేకలు. ఆ గోలలో ఇంత గొంతు పెట్టుకుని అరిచాను నాయనా, "గ్రిసెల్దా! నా తల్లీ, గ్రిసెల్దా అర్రియేతా! ముఖం ఎత్తకు, నేనున్నాను!" అని.

అరేనా ఒక్కసారి మూగబోయింది. పైవరసలోంచి ఎవడో, "ఏమందిరా ముసల్ది?" అన్నాడు.

"గ్రిసెల్దా అంది! గుండు విసిరేదిరా, ఆ గ్రిసెల్దా!"

ముఖం ఒక్కరూ చూడలేదు. పేరు మూడు వేల మంది విన్నారు. వాళ్ళలో నికనోర్ ఒకడు. వాడు నీకు రాయడం తప్పితే చేసిందేమీ లేదు. రాలగొట్టాలనుకుంటే నా పళ్ళు రాలగొట్టు, ఇంకా తొమ్మిది ఉన్నాయి.

లోపలి గదిలో నేను ఏడుస్తుంటే ముందు వచ్చింది ఆ రక్తపింజరే. నుదుటి మీద బొప్పి. "అమ్మమ్మా, ఆ సంచిలో ఏం పెట్టుకొచ్చావే, గని రాళ్ళా?" అని నా పక్కన కూర్చుని మంచినీళ్ళు ఇచ్చింది. గ్రిసెల్దా నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. శాలువా తల మీద అలాగే ఉంచుకుని, "నాన్నకు తెలిసిపోతుంది కదా" అని మాత్రం అంది.

తర్వాత అరేనా యజమాని వచ్చాడు. "లోపల ఎవరో తెలిశాక ముసుగుకు విలువ ఉండదమ్మాయ్, నెలలో చప్పబడిపోతుంది. ఇప్పుడే పందెం కాయి" అన్నాడు. వాడు మాట పూర్తి చెయ్యకముందే సరే అంది. దాని ముసుగు, రక్తపింజరి జుట్టు. ఓడినవాళ్ళు రింగు మధ్యలోనే ఇచ్చెయ్యాలి. ఆగస్టు తొమ్మిది, ఆదివారం. ఎవరు గెలుస్తారే అని అడిగాను. "అది అడగకూడదు నానమ్మా" అంది. అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

నువ్వు రాశావు, అర్రియేతా పేరు ఆ గుడారాల్లో వినపడితే నాకు కూతురు లేదనుకుంటాను అని. నువ్వు అనుకుంటే సరిపోదు ఫిదెన్సియో. ఆ పేరు నీది కాదు, మీ నాన్నది. ముప్పై ఒక్క ఏళ్ళు గనిలోకి దిగాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకుని పోయాడు. ఆయన పేరు ఎవరైనా ఒక్కసారి మైకులో చెప్పారా? అంత్యక్రియల్లో పాదిరి కూడా తప్పుగా పలికాడు. గ్రిసెల్దా ఓడిపోతే, నిండిన అరేనాలో, "నా పేరు గ్రిసెల్దా అర్రియేతా, మాది పచూకా" అని చెప్తుంది. నాకు వినాలని ఉంది. ఓడాలని కాదు, మాత క్షమించాలి, ఓడకూడదనే మొక్కుకుంటున్నాను. కానీ ఆ మాట వినపడితే నేను తల దించుకోను. లేచి నిలబడతాను. ఇది నీ ఇష్టం అడుగుతూ రాయడం లేదు, చెప్తున్నాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ముసుగు పోయినవాళ్ళు ఒంటరిగా నిలబడకూడదని ఇంటివాళ్ళు రింగు ఎక్కి పక్కన నిలబడటం ఇక్కడి రివాజు. నా కాళ్ళు ఇంకోసారి ఆ తాళ్ళు దాటలేవు. ఎవరు ఎక్కుతారే అని అడిగితే, "దోన్ కాస్తులో ఉన్నాడుగా" అని అటు తిరిగింది. దానికి తండ్రి ఉండగా క్యాబేజీ చెవుల ముసలాడు ఎందుకు ఎక్కాలి?

ఉత్తరం రాసి నీ జవాబు కోసం ఎదురుచూడను. నువ్వు రాను అని రాస్తావు, నాకు తెలుసు. అందుకే నేనే వస్తున్నాను. తోమాసా కొడుకు టికెట్టు తెచ్చాడు. కొండదారి మలుపుల్లో వాంతులవుతాయని, డ్రైవరు నిద్రపోతాడేమోనని, గ్యాసు కట్టానో లేదోనని, నేను లేనప్పుడు పిల్లకు దెబ్బ తగిలితే ఎవరు చూస్తారని, అన్ని బెంగలూ ఉన్నాయి. అయినా వస్తున్నాను. మనిద్దరికీ తిరుగు బస్సు శుక్రవారం ఉంది. పిల్లకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు. బస్సు స్టాండుకు రానక్కర్లేదు, దారి అడుక్కుని వస్తాను. తలుపు తియ్యి చాలు.

ఇట్లు,
ఆగస్టు ఆరో తేదీ గురువారం సాయంత్రం టాంపికోలో నీ గుమ్మం ముందు ఉండబోయే
మీ అమ్మ.