సున్నం కింద ఎర్ర మనుషులు

పాలం, ఢిల్లీ
శుక్రవారం సాయంత్రం

ప్రభువునందు ప్రియమైన సువార్తక్కకు తమ్ముడు జీవరత్నం వందనములు చెప్పి రాయునది.

నిన్నూ బావనూ పిల్లలనూ దేవుడు తన రెక్కల కింద దాచి ఉంచాడని నమ్ముతున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ప్రార్థన చేయించుకున్నాను కదా అని మాత్రలు మానెయ్యకు. మాత్రలో నుంచి కూడా ఆయనే పని చేస్తాడు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మార్తకు దగ్గు తగ్గింది. గ్రేసీ ఎనిమిదో తరగతికి వచ్చింది, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది గాని ప్రార్థన మాత్రం తెలుగులోనే చేస్తుంది. చలి వెనక్కి తగ్గి మధ్యాహ్నాలు ఎండ కాస్తోంది. అన్నానికి లోటు లేదు. చేపలు మాత్రం ఐసులో పడుకుని వచ్చినవే, మన రేవు చేప రుచి లేదు.

పని అదే. కంటోన్మెంటు రోడ్ల పక్క చెట్ల మొదళ్లకు కింద గేరు, పైన సున్నం పట్టీ. గేరు అంటే మన జేగురే అక్కా, మనం అరుగులకు పూసే ఎర్రమన్ను. పన్నెండేళ్లుగా ఈ రెండు రంగులతోనే నా బతుకు. దిగులు పడకు, బాగానే ఉన్నాం.

ఈ సంగతి ఫోన్లో చెప్పకపోవడానికి కారణం ఉంది. నువ్వు స్పీకరు పెట్టి వింటావు, వీధంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదువు.

మా తెలుగు సంఘానికి పెద్ద సాల్మన్ గారని రాశాను కదా, ఫౌజులో సుబేదారుగా రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. ఆరేళ్లుగా రెండు వారాలకొకసారి నేను వాక్యం చెప్పేవాడిని. కాలేజీలో నేర్చుకున్నది కాదు, చెట్ల కింద అన్నం డబ్బా పక్కన పెట్టుకుని పేజీ పేజీ చదువుకున్నది. క్రిస్మసు ముందు ఆదివారం గర్వించిన రాజుల గురించి చెబుతున్నాను. ఆయన ముందు వరసలోంచి లేచి వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"చాల్లే జీవరత్నం. చెట్లకి సున్నమేసే చేత్తో మాకు పాఠాలు చెప్పకు. పై వారం నించీ చదువుకున్న కుర్రోడొస్తన్నాడు."

కొందరు నవ్వారు. నవ్విన వాళ్ల పేర్లు నా పరిశుద్ధ గ్రంథం వెనక అట్ట మీద రాసుకున్నాను, పదకొండు. బస్సులో గ్రేసీ నా మొహంలోకి చూసి, "పాపా, ఆప్ రో రహే హో క్యా?" అంది. ఏడవడం లేదని చెప్పాను. అబద్ధం.

ఆ రోజునుంచి రెండు నెలలు నేను చదివిందంతా ఒకే రకం వాక్యం. శత్రువు కోసం తాను నాటించిన ఉరికొయ్య మీద తానే వేలాడిన మంత్రి కథ ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. తనను తరిమిన రాజు గుహలో చిక్కితే అంగీ చెంగు మాత్రం కోసి వదిలేసిన కాపరి కథ వస్తే పేజీ తిప్పేశాను. పగ తీర్చడం దేవుని పని అని నాకూ తెలుసు. ఆయనకు చెయ్యి కావాలంటే నా చెయ్యి ఉందని చెప్పాను.

ఫిబ్రవరిలో సంఘమంతా వన కూటానికి వెళ్లాలనుకున్నారు. గుర్గావ్ దాటాక ఆరావళి కొండలున్నాయి, మంగళగిరి కొండంత ఎత్తు కూడా ఉండవు. అక్కడొక పార్కు. సాల్మన్ గారు ఫోన్ చేశాడు, క్షమించమని కాదు.

"మనూళ్లో లాగ బండ మీద వాక్యం రాయిద్దాం. నువ్వు ముందెళ్లి మంచి బండ చూసి రా. సున్నం, రంగులు నువ్వే తెచ్చుకో."

మన వైపు ఉజ్జీవ కూటాలప్పుడు చేసేది నీకు తెలుసు. బండకు సున్నం కొట్టి, ఆరాక వాక్యం రాస్తాం. మొదటి పూత సంఘపెద్ద చేత్తో, ప్రార్థన చేసి. ఎంత దూరం వచ్చినా మనవాళ్లు ఆ పద్ధతి వదల్లేదు.

వారం ముందు ఒక్కడినే వెళ్లాను. ముళ్ల చెట్ల మధ్య కాలిబాట ఎక్కితే ముందుకు వంగిన పెద్ద బండ ఒకటి, కింద వందమంది కూర్చునేంత నీడ. గోడ నున్నగా ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఎరుపు. మరొకడైతే తుప్పు మరక అనుకుని పోయేవాడు. పన్నెండేళ్లు జేగురు కలిపిన కన్ను నాది. ఏడుగురు మనుషులు అక్కా, చేయీ చేయీ పట్టుకుని వరసగా. పక్కన కొమ్ముల జంతువొకటి. మనిషి జానెడు కూడా లేడు. కాళ్లు ఒక్క గీతతో వేశాడు ఎవడో, చెయ్యి వణకలేదు.

మేకలు తోలుకుపోతున్న ముసలమ్మ ఆగి కర్ర ఎత్తింది. "హాథ్ మత్ లగానా భయ్యా. బహుత్ పురానా హై." ముట్టుకోకు, చాలా పాతది అని. వేల ఏళ్లనాటివని చదువుకున్నవాళ్లు వచ్చి చెప్పి వెళ్లారట. ఎవరైనా ముట్టుకుంటే గార్డు పట్టుకుంటాడనీ, రోజూ పదకొండింటికి ఇటు వస్తాడనీ చెప్పింది.

అక్కడే నిలబడి నాకు నవ్వొచ్చింది. దేవుడు నాకు కొయ్య నాటించి చూపించాడనుకున్నాను.

ఆ సాయంత్రం సాల్మన్ గారు అడిగాడు, "బండ ఎట్టా ఉంది?" "నున్నగా ఉందండీ." "మరకలేమన్నా ఉన్నాయా?" "సున్నం పడితే ఏ మరకైనా పోతుందండీ."

శనివారం రెండు బస్సుల్లో వెళ్లాం. ఆడవాళ్లు పులిహోర గిన్నెలు దించుతున్నారు, పిల్లలు బంతి ఆడుతున్నారు. నేను బకెట్లో సున్నం కలిపి, కుంచె తడిపి, పది గంటల యాభై నిమిషాలకు సాల్మన్ గారి చేతికి అందించాను. అక్కా, ఆ నిమిషంలో నా గుండె ఎంత చల్లగా ఉందో నీకు దాచను. ఆయన కళ్లలో శుక్లాలున్నాయి, ఎరుపు ఆయనకు కనబడలేదు. వెనక ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ఆమేన్ అని కుంచె ఎత్తి పై నుంచి కిందికి ఒక్క పూత లాగాడు.

అయిదో మనిషి పోయాడు.

నలుగురు అటు, ఇద్దరు ఇటు. మధ్యలో తెల్లగా కారుతున్న సున్నం. నాలుగోవాడి చెయ్యి ఎవరినీ పట్టుకోకుండా ఉండిపోయింది. నేను చూడాలనుకున్నది సాల్మన్ మొహం. చూసింది ఆ చెయ్యి. వాడెవడో నాలాంటివాడే కదా అక్కా. ఎర్రమన్ను కలుపుకుని రాతి మీద గీసుకున్న పనివాడు. పేరు లేదు, మైకు లేదు. అయినా ఇన్ని వేల ఏళ్లు వాడి మాటను ఎవరూ లాక్కోలేదు. ఇవాళ నా సున్నం లాక్కుంది.

"ఆపండి!" అని అరిచాను. ఆయన రెండో పూతకు ఎత్తిన కుంచె గాల్లోనే ఆగింది. అప్పుడే గార్డు వచ్చాడు.

"కిస్నే కియా యే?" ఎవరు చేశారని.

వందమంది నా వైపు చూశారు. రంగు మరకల బట్టలు నావే కదా. నేను సాల్మన్ గారిని వేలెత్తి చూపించాను. "వో." కుంచె సుబేదార్ గారి చేతిలోనే ఉంది.

నువ్వు కాపరి కథ ఎత్తుతావని తెలుసు. ఎత్తు. చూపించాను, అంతే.

తర్వాత నా తువ్వాలు నీళ్లలో ముంచి, పిండి, తడి ఆరకముందే సున్నం మీద అద్ది అద్ది ఎత్తాను. రుద్దకూడదు, రుద్దితే జేగురు కూడా వచ్చేస్తుంది. గార్డు మొదట తిట్టాడు, తర్వాత బాటిలుతో నీళ్లు అందించాడు. గంటన్నరకు కాళ్లు తేలాయి, ఒక భుజం తేలింది. తల తేలలేదు. తువ్వాలు మీద లేత ఎరుపు అంటింది. అది ఏమిటో గార్డుకు చెప్పలేదు.

సాల్మన్ గారి చేత క్షమాపణ పత్రం రాయించుకుని, పేరూ ఫోన్ నంబరూ తీసుకున్నారు. కేసవుతుందో లేదో తెలియదు. మరుసటి ఆదివారం సంఘం వాళ్లు ఆయనను కొన్నాళ్లు వేదిక ఎక్కవద్దన్నారు. చదువుకున్న కుర్రవాడు బెంగుళూరు వెళ్లిపోయాడు. వచ్చే ఆదివారం, అంటే ఎల్లుండి, నన్ను ప్రసంగించమన్నారు. అట్ట మీది పదకొండుమందిలో నలుగురు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు.

ఇక్కడితో ఆపేస్తే నీ తమ్ముడు గెలిచినట్టే.

సోమవారం పొద్దున "అంకుల్ ఆయే హైఁ" అంది గ్రేసీ. సాల్మన్ గారు, ఒక్కడే. మార్త టీ ఇచ్చి లోపలికి వెళ్లింది.

"వారం ముందు నువ్వే కదా చూసొచ్చింది?"

"నేనే."

"నీకు కనబళ్ళేదా?"

"కనబడింది."

"మరి?"

"మీ చేత్తో తుడిపిద్దామని ఊరుకున్నాను."

ఆయన టీ మొత్తం తాగాడు. అరుస్తాడనుకుని నా జవాబులన్నీ పదును పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నవ్వాడు, నవ్వులో తడి లేదు. "ముప్పై ఏళ్ల నౌకరీలో నన్నెవడూ ఇంత చక్కగా ఆంబుష్ చెయ్యలేదోయ్," అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు మీ పిల్ల ముందర అట్టా అనకూడదు నేను. ఆదివారం బాగా చెప్పు," అని వెళ్లిపోయాడు.

ఇవాళ శుక్రవారం. ఐదు రోజులుగా ఎదురుచూస్తున్నాను. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే తిరగబడేవాడిని, ఆ మైకు సంగతి అందరి ముందూ ఎత్తేవాడిని. నోరు మూసుకుని నన్ను చంపుతున్నాడు. మేలు చేసి శత్రువు తల మీద నిప్పులు పోయడం గురించి ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో నీకు తెలుసు. ఆ నిప్పుల కింద తల నాది కావచ్చని ఒక్కసారి కూడా తోచలేదు.

అందుకని నిశ్చయించుకున్నాను. ఎల్లుండి మైకు పట్టుకోగానే మొదటి మాటగా ఇదే చెబుతాను, ఆయనను ముందు వరసలో కూర్చోబెట్టి, ముసలమ్మ మాట దగ్గర్నుంచీ తువ్వాలు ఎరుపు దాకా. మళ్లీ మైకు లాక్కుంటారు. లాక్కోనీ. ఆయన దయ మీద నిలబడే ప్రసంగం నాకొద్దు. ఇది పశ్చాత్తాపమా, మిగిలిన పగా అని అడుగుతావు. నాకు తెలియదు అక్కా. రెండూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి.

నా కోసం ప్రార్థించు. సాల్మన్ గారి కోసం నన్ను ప్రార్థించమని మాత్రం రాయకు, ఇంకా అంత దూరం రాలేదు.

వీలైతే ఎవరి చేతనైనా ఎండు రొయ్యలు పంపు, మార్త అడుగుతోంది. బావకూ, పెద్దమ్మకూ, మన ప్రార్థన ఇంటి పెద్దలకూ నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ఎల్లుండి లేచి నిలబడతాను.

నీ దీవెన కోరే తమ్ముడు,
జీవరత్నం