నెలాఖరుకల్లా విమానం

జూన్ 2, సోమవారం

ఉదయం 6:10. నిర్ణయం తీసేసుకున్నాను. ఈ నెలాఖరుకల్లా విమానం పూర్తి!

మామూలు విమానం కాదు. ఎనభై ఏళ్ళ కిందటి యుద్ధ విమానం. ఒక ఇంజను, రెండు సీట్లు, పొడుగాటి ముక్కు. ప్రపంచంలో ఒక్కటీ మిగల్లేదు. దాన్ని నేను కంప్యూటర్లో మళ్ళీ కడుతున్నాను. ఇంట్లో కూర్చుని విమానాలు నడుపుకునే సిమ్యులేటర్లు ఉన్నాయి కదా, వాటిలో పెట్టుకోవడానికి. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని, లుంగీలో కూర్చుని ఎగరేసుకోవచ్చు. ఉచితం. దాన్ని ముద్దుగా "ముసలిది" అంటాను. మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది.

తొందరెందుకంటే, మా ఆవిడ. ఫిజియోథెరపిస్టు. ఆసుపత్రి ఉద్యోగం మానేసింది. జులై ఒకటి నుంచి ఇంట్లోనే సొంత క్లినిక్. దానికి వీధి గది కావాలి. వీధి గదిలో ప్రస్తుతం ఉన్నవి: నేను, ముసలిది, మూడు మానిటర్లు, కాళ్ళతో తొక్కే పెడళ్ళు, పాత కారులోంచి పీకించి తెచ్చుకున్న సీటు. పేషెంట్లను పడుకోబెట్టే బల్ల వచ్చేసింది కూడా. చోటు లేక హాల్లో నిలువుగా గోడకి ఆనించాం. ఇప్పుడు బాత్‌రూముకి వెళ్ళాలంటే పొట్ట లోపలికి పీల్చి, పక్కవాటుగా వెళ్ళాలి.

"ముప్పయ్యో తారీకు సాయంత్రానికి గది ఖాళీ చేస్తారా?"

"చేస్తాను."

"మాటేనా?"

"మాటే!"

నియమాలు: రివెట్లు లెక్కపెట్టకూడదు. (రేకుల్ని కలిపి బిగించే గుండు మేకులు. విమానం ఒళ్ళంతా అవే.) ఫోరంలో (ఇలా విమానాలు కట్టేవాళ్ళు ఇంటర్నెట్లో కలుసుకునే చోటు) ఎవడితోనూ వాదించకూడదు. కొత్త పని మొదలెట్టకూడదు. అంతే! ఇంత తేలిక పనికి రెండేళ్ళు ఎందుకు పట్టిందో నాకే అర్థం కావడం లేదు.

జూన్ 5, గురువారం

అద్భుతం. చక్రాలు అయిపోయాయి. తోక అయిపోయింది. ఈ లెక్కన ఇరవయ్యో తారీకుకే పూర్తవుతుంది. మిగిలిన పది రోజులు ఏం చెయ్యాలో ఆలోచించుకోవాలి.

మా ఆవిడ బోర్డు రాయించి తెచ్చింది. పేరు, చదువు, ఫోన్ నంబరు. బల్ల వెనక దాచింది. రోజుకోసారి బయటికి తీసి, తుడిచి, మళ్ళీ పెడుతోంది. ఎంత మురిసిపోతోందో!

జూన్ 8, ఆదివారం

రివెట్లు లెక్కపెట్టలేదు. ఎడమ రెక్క మీద ఒక వరస కాస్త వంకరగా ఉంటే సరిచేశాను. లెక్కపెట్టడం వేరు, సరిచెయ్యడం వేరు.

ఆ వరస సరిచేశాక పక్క వరస వంకరగా కనబడింది. అది నా తప్పా?

సాయంత్రం 5:30. ఎడమ రెక్క మొత్తం అయింది. కన్నులపండుగ్గా ఉంది. కుడి రెక్క ఇప్పుడు దాని పక్కన దరిద్రంగా ఉంది.

జూన్ 11, బుధవారం

చరిత్ర తిరగరాశాను!

ఒక పాత పత్రికలో ముసలిదాని ఫొటో దొరికింది. లోపల, పైలట్ కూర్చునే చోటు. రెక్క మీద నిలబడి ఒకాయన లోపలికి వంగి చూస్తున్నాడు. మసకగా ఉంది, గడియారాల మీద అంకెలు కనబడవు. కానీ ఒకటి మాత్రం స్పష్టం. ఇంజను వేగం పెంచే లివరు ఇలాంటి విమానాల్లో పైలట్‌కి ఎడమ చేతి వైపు ఉంటుంది. ఈ ఫొటోలో కుడి వైపు ఉంది! ఇన్నేళ్ళలో ఒక్కడూ గమనించలేదు!

లోపలంతా మళ్ళీ కట్టాలి. ఇది కొత్త పని కాదు, పాత పని సరిగ్గా చెయ్యడం. ఫోరంలో పెద్ద పోస్టు రాశాను. అది వాదన కాదు, ప్రకటన.

జూన్ 14, శనివారం

ఫోరంలో రివెట్ తాత అని ఒకడున్నాడు. అందరి విమానాల్లోనూ తప్పులు పడతాడు. మొహం ఎవరూ చూడలేదు. నా పోస్టు కింద రాశాడు: "ఒక్క ఫొటో పట్టుకుని కుప్పిగంతులు వెయ్యకు నాయనా."

నాయనా అట! నేను రాశాను. తాత రాశాడు. నేను మళ్ళీ రాశాను. అన్నం చల్లారిపోయింది.

"ఎవరి మీదండీ అంత కోపం? కీబోర్డు విరిగిపోతుంది," అంది మా ఆవిడ.

"కుళ్ళుబోతు ఒకడు."

"వాడికి గది ఖాళీ చెయ్యాల్సిన పని లేదేమో. మీకుంది."

జూన్ 17, మంగళవారం

జలుబు. కరెంటు పోయింది. ప్రెస్సులో పని ఎక్కువ. (నా ఉద్యోగం ప్రింటింగ్ ప్రెస్సులో. పేజీలు అచ్చుకి వెళ్ళే ముందు తప్పులు చూసేది నేనే.) ఇవాళ సెలవు ఇచ్చుకున్నాను, విమానానికి. ఆరోగ్యం ముఖ్యం కదా.

జూన్ 20, శుక్రవారం

ఇవాల్టికి పూర్తవ్వాలి. పూర్తవలేదు. కానీ వెనక సీటు కింద మంచినీళ్ళ సీసా అద్భుతంగా వచ్చింది. సీసా మూతకి గీతలు కూడా పెట్టాను.

మా ఆవిడ టీ పెట్టి తెచ్చి, వెనక నిలబడి చూసింది.

"అదేంటండీ?"

"నీళ్ళ సీసా."

"నడిపేవాళ్ళకి కనబడుతుందా?"

"కనబడదు. సీటు కింద ఉంది."

"మరెందుకు?"

"ఉందని నాకు తెలుస్తుంది కదా!"

చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఆసుపత్రిలో పేషెంట్లని అలాగే చూసేదేమో.

జూన్ 24, మంగళవారం

కొంప మునిగింది.

పొద్దున ప్రెస్సులో ఒక చొక్కాల కంపెనీ కరపత్రం వచ్చింది. ఒక్క చూపులో పట్టేశాను. ఫొటో తిరగబడింది! చొక్కా జేబు కుడి వైపుంది. డిజైన్ చేసినాయన్ని పిలిచి అందరి ముందూ క్లాసు పీకాను. "మగవాడి చొక్కా జేబు ఎటు ఉంటుందండీ? ఎడమ వైపు! ఇంత చిన్న విషయం చూసుకోకపోతే ఎలా? కళ్ళు ఇంట్లో పెట్టి వస్తున్నారా?" పాపం, తల దించుకుని వెళ్ళిపోయాడు.

11:20. టీ తాగుతున్నాను. నా ఫొటోలో రెక్క మీద నిలబడిన ఆయన గుర్తొచ్చాడు. ఆయన జేబు ఎటుంది?

కడుపునొప్పని చెప్పి ఇంటికి పరిగెత్తాను.

కుడి వైపు.

ఫొటోనే తిరగబడింది. పత్రిక వాళ్ళు తిరగేసి అచ్చేశారు. నేను అది చూసి, విమానం లోపల ప్రతి లివరూ, ప్రతి గడియారమూ, తలుపు గడియతో సహా అటుదిటు చేశాను. పైగా ప్రపంచానికి చాటాను. ఇరవై రెండేళ్ళుగా తిరగబడ్డ ఫొటోలు పట్టడమే నా ఉద్యోగం! తల గోడకేసి కొట్టుకుందామంటే గోడకి మా ఆవిడ బల్ల అడ్డం.

ఎవరికీ చెప్పలేదు. డిజైన్ చేసినాయనకి అసలే చెప్పను.

జూన్ 27, శుక్రవారం

లోపలంతా మళ్ళీ కట్టాలి. కనీసం రెండు వారాలు. మెల్లగా కదిపి చూశాను.

"పదిహేనో తారీకు అయితే మంచి రోజేమో, క్లినిక్‌కి."

"ఒకటో తారీకు పదింటికి మొదటి పేషెంటు వస్తున్నారు. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. భుజం పట్టేసిందట, చెయ్యి పైకి లేవడం లేదు. ఆవిడకి నయమైతే స్కూలు టీచర్లందరికీ నా పేరు చెబుతారు." గొంతు తగ్గించి అడిగింది. "ఖాళీ చేస్తున్నారు కదా?"

"ఆఁ... చేస్తున్నా."

జూన్ 30, సోమవారం

సాయంత్రం 6:00. గది ఖాళీ కాలేదు. సీటుని నేలకి బిగించిన బోల్టులు తుప్పు పట్టి ఊడి రావడం లేదు. నిజం చెప్పాలంటే ఒకటే ప్రయత్నించాను.

"రేపు పొద్దున్నే తీసేస్తాను."

"సరే," అంది.

జులై 1, మంగళవారం

ప్రెస్సుకి సెలవు పెట్టి, పొద్దున ఆరింటికి లేచాను. తీసే ముందు తలుపు గడియ ఒక్కటి సరిచేద్దామని కంప్యూటర్ తెరిచాను. ఒక్కటే.

కాలింగ్ బెల్లు మోగింది. పది!

హెడ్‌మిస్ట్రెస్ గారు. తెల్ల చీర, చేతిలో గొడుగు. నిలువుగా ఉన్న బల్ల పక్కనుంచి నొప్పి చెయ్యి ఒంటికి అదుముకుంటూ లోపలికి రావాల్సి వచ్చింది. వీధి గదిలోకి తొంగి చూశారు. కారు సీటు, పెడళ్ళు, వైర్లు, నేల మీద రెక్కల బొమ్మల కాగితాలు, మధ్యలో బనీనుతో నేను.

"మీవారు ఏం చేస్తుంటారమ్మా?"

"విమానం," అంది మా ఆవిడ.

భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి చూసింది. సగం వ్యాయామాలకి పడుకోవాలి. పడుకోవడానికి చోటెక్కడుంది? హెడ్‌మిస్ట్రెస్ గారు కాసేపటికి లేచారు. కోపంగా ఏం లేరు. అదే నాకు మరీ బాధేసింది. "క్లినిక్ మొదలయ్యాక ఫోన్ చెయ్యమ్మా. అప్పుడొస్తాను," అన్నారు.

వాకిట్లో గొడుగు తెరుచుకున్న చప్పుడు వినబడింది. నేను తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ టీ కప్పులు కడిగింది. బోర్లించింది. చేతులు తుడుచుకుంది.

"మీకు ఆ విమానం పూర్తవడం ఇష్టం లేదండీ. నాకు ఎప్పుడో తెలుసు. పూర్తయితే రేపటి నుంచి ఏం చెయ్యాలో మీకు తెలీదు. అది మీ ఇష్టం, నేనేం అనను. కానీ నాది మొదలవ్వాలి కదా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

జులై 2, బుధవారం

ప్రెస్సుకి మళ్ళీ సెలవు పెట్టాను. ఈసారి విమానం కోసం కాదు. మెకానిక్‌ని పిలిచాను, బోల్టులు పావుగంటలో ఊడాయి. సీటు, పెడళ్ళు మేడ మీదికి. కాగితాలు పాత పేపర్లవాడికి. గది తుడిచాను. ఇద్దరం కలిసి బల్ల లోపలికి తెచ్చి పడుకోబెట్టాం. హాలు ఇంత పెద్దదని మర్చిపోయాను.

బోర్డు నేనే కొట్టాను. ఒక పక్కకి వంగింది. "ఉండనివ్వండి, ముట్టుకోకండి!" అని మా ఆవిడ కేక వేసింది. ముట్టుకోలేదు.

మధ్యాహ్నం 3:15. ముసలిదాన్ని ఎలా ఉన్నదాన్ని అలా ఫోరంలో పెట్టేశాను. కింద రాశాను: "లివరు తప్పు వైపుంది. ఫొటో తిరగబడింది. నేను చూసుకోలేదు. రివెట్ తాత చెప్పిందే నిజం." ఇక పరువు పోతే పోయింది.

4:00. తాత జవాబు: "పోన్లే నాయనా, నువ్వు పెట్టావు. నాది పదకొండేళ్ళుగా కడుతున్నాను, ఇంకా బయటపెట్టలేదు. ఇన్నాళ్ళు కట్టుకోవడానికి మీ ఇంట్లో ఎలా ఒప్పుకున్నారో చెప్పు."

జులై 4, శుక్రవారం

హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు. బల్ల మీద పడుకున్నారు. వెళ్ళేటప్పుడు చెయ్యి చెవి దాకా లేపి చూపించి, ఇంకో ఇద్దరు టీచర్ల నంబర్లు ఇచ్చారు. మా ఆవిడ వాళ్ళకి ఫోన్ చేస్తుంటే వంటింట్లోంచి విన్నాను. ఆ గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్ళయిందో.

సాయంత్రం నా కంప్యూటర్ భోజనాల బల్ల మీద, ఒకే మానిటర్‌తో. మా ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంతకీ అది ఎగురుతుందా?"

అప్పుడు తట్టింది. రెండేళ్ళలో నేను దాన్ని ఒక్కసారి కూడా ఎగరేయలేదు! ఎప్పుడూ రన్‌వే మీద ఆపి, చుట్టూ తిరిగి చూసుకోవడమే.

ఇంజను వేశాను. రన్‌వే మీద పరిగెత్తింది. లేచింది! ముసలిది లేచింది! చక్రాలు ముడిచాను. ఎడమది ముడుచుకుంది. కుడిది ఒంటికాలి కొంగలా వేలాడుతూనే ఉంది. విమానం పక్కకి వాలి, వాలి, సముద్రంలో పడింది.

మా ఆవిడ పగలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి!" అంది. నాలుగుసార్లు మునిగాం. చివరిసారి తనే నడిపింది, నాకంటే దూరం వెళ్ళింది.

జులై 5, శనివారం

ఉదయం 6:10. నిర్ణయం! కుడి చక్రం ముడుచుకునేలా చేస్తాను. అదొక్కటే. ఇంకేదీ ముట్టుకోను. సాయంత్రానికల్లా పూర్తి!

7:40. చక్రం లోపలి స్ప్రింగు ఏ రంగులో ఉండేదో తేలడం లేదు. తాతని అడిగాను. ఆయన దగ్గర నలుపు తెలుపు ఫొటోలు చాలా ఉన్నాయట.

9:15. మా ఆవిడ జుట్టు ముడేసుకుని వచ్చింది.

"ఏవండీ, ఇవాళ ఐదుగురు వస్తున్నారు. కూర్చోడానికి హాలు కావాలి. భోజనాల బల్ల పక్కకి జరపాలి."

"ఎప్పటికి?"

"పదింటికి."

మానిటర్ ఎత్తి చంకలో పెట్టుకున్నాను. వంటింట్లో పొయ్యి పక్కన మూరెడు చోటుంది. చక్రం ముడవడానికి అది చాలు.