బాతు బతుకుతుందని చెప్పు

అక్కా,

ఇందుమూలంగా మన ఇంటిల్లిపాదికీ తెలియజేయునదేమనగా, నేను క్షేమం. నా కుడిచెయ్యి మాత్రం సోమవారం నుంచి శనివారం దాకా బాతు. పిల్లల సీరియల్లో ఆ బాతు బొమ్మని ఆడించేది నేనంటే బావ ఇంకా నమ్మడం లేదట. నమ్మకపోతే మానె.

మా సీరియల్‌కి మూలమైన, బాతు, నక్క స్నేహం చేసే ఆ నవలలో చివరికి బాతు చచ్చిపోతుందని బడిలో ఎవరో చెప్పగా, నా కూతురు అన్నం మానేసిందని రాశావు. దానికిది చదివి వినిపించు. నిన్న దర్శకుడి దగ్గరికి వెళ్లి, "సార్, బాతు పోతే మా పిల్ల ముద్ద ముట్టదు" అన్నాను. "నవలలో అలాగే ఉందయ్యా" అన్నాడు. "నవల రాసినాయన మా ఇంటికొచ్చి తినిపిస్తాడా?" అన్నాను. ఆయన నవ్వి కథ మార్చేశాడు. బాతు బతుకుతుంది.

నా నల్ల పొడుగుచేతుల చొక్కా పంపు. ఇక్కడిది మోచేతి దగ్గర చిరిగి, బాతు వెనకాల మనిషి కనిపిస్తున్నాడు. పెరటి తలుపు గొళ్లెం బావ బిగించాడా, ఇంకా దాని వంక చూస్తూనే ఉన్నాడా? ఆయనకి నమస్కారాలు, పిల్లకి ముద్దులు.

అంచున ఇరికించిన ఈ నాలుగు ముక్కలూ పైకి చదవకు. సెట్టు పీకెయ్యాలని చివరి భాగం షూటింగు మొదటిరోజే కానిచ్చేశారు. బాతు మెడ వాల్చింది ఈ చెయ్యే. ఆదివారం టీవీలో అది వచ్చేటప్పుడు పిల్ల పక్కనే కూర్చో. దర్శకుడు కథ మార్చాడన్నది పూర్తిగా నా కల్పన. నేనాయన్ని అడగనే లేదు.