కుడి మూల అర అంగుళం

మావయ్యా, నమస్కారం.

ఫోన్లో కొలతలు చెబితే మీరు ఒప్పుకోరని తెలుసు కాబట్టి బుద్ధిగా కాగితం తీశాను. ఫోన్లో విన్న కొలతలతో పెళ్లికొడుక్కి కోటు కుడితే అది వాళ్ల నాన్నకి సరిగ్గా సరిపోయిందన్న కథ మీ నోట వందసార్లు విన్నాను.

విషయం ఇది. వారమంతా నీళ్ల పంపులు రిపేరు చేసే నేను, ఆదివారాలు హోవర్‌క్రాఫ్ట్ నడుపుతున్నాను. సొంతంగా తయారు చేసుకున్నదే, మంచమంత ఉంటుంది. ఒక ఫ్యాను కిందికి గాలి కొడుతుంది, ఇంకోటి వెనకనుంచి ముందుకి తోస్తుంది. కింద చుట్టూ ఉండే బట్టని స్కర్టు అంటారు, నవ్వకండి. అది గాలిని పట్టి ఉంచితే బండి నేలకి జానెడు పైకి లేచి, గడ్డి మీదా చెరువు మీదా ఒకేలా జారిపోతుంది. మొదటిసారి లేచినప్పుడు నేను పెట్టిన కేకకి షెడ్డులో ఉన్నవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు.

బాధంతా ఆ స్కర్టుతోనే. ముప్పై ఎనిమిది సంచులు పక్కపక్కన కుట్టినట్టుంటుంది. మూడు పోటీల్లో మూడుసార్లూ కుడి వెనక మూలే చిరిగి, నేను చెరువు మధ్యలో కూలబడ్డాను. ఈ ఏడాది ఒక్క పోటీ అయినా పూర్తి చెయ్యకపోతే క్లబ్బు షెడ్డులో నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మిగిలింది ఒక్కటే, ఆరు వారాల్లో. బట్ట, బొమ్మ, కొలతలు పంపుతున్నాను. ఈ పని మీ చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కావడం లేదు.

మీ మేనకోడలు

తా.క.: అమ్మకి చెప్పకండి. నేను ఆదివారాలు కూడా పంపులు బాగుచేస్తున్నానని వీధంతా గొప్పలు చెప్పుకుంటోంది.

---

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవెనలు.

బట్ట అందింది. రెయిన్‌కోటు గుడ్డకి అన్నలా ఉంది. ఉండనీ. నలభై ఏళ్లలో కోట్లు కుట్టాను, యూనిఫారాలు కుట్టాను, ఒకసారి బ్యాండువాళ్ల పెద్ద డోలుకి తొడుగు కూడా కుట్టాను. ఆ డోలు చినిగింది గానీ తొడుగు చినగలేదు. నీ బండి నాకొక లెక్కా?

కానీ నీ బొమ్మలో తప్పుందమ్మా. సంచులకి అడుగు లేదు. తొందరలో గీయడం మర్చిపోయి ఉంటావు. అడుగు లేని జేబులు కుట్టిన దర్జీగా పేరు తెచ్చుకునే వయసు కాదు నాది. అన్నిటికీ డబుల్ కుట్టు వేసి మూసేస్తున్నాను. లోపల రెండంగుళాల మడత కూడా వదిలాను. ఎదిగే పిల్లల బట్టలకి వదలడం నా అలవాటు. నీ బండి ఎదగదని నువ్వు రాయలేదు. ప్రతి సంచిలోనూ నా షాపు లేబుల్ ఉంటుంది.

దీవెనలతో,
మావయ్య

తా.క.: అడుగు మూసేస్తే గాలి ఎటు పోతుంది? ఈ అనుమానం ఇప్పుడే వచ్చింది. మూయకూడదంటే వెంటనే జవాబు రాయి. నా సంగతి నీకు తెలుసుగా, ఇంట్లోవాళ్లు చెబితే వినే రకాన్ని కాను.

---

మావయ్యా,

మీ ఉత్తరం, పార్సిలూ ఒకేరోజు వచ్చాయి. మీ తా.క.కి జవాబు రాసే అదృష్టం కూడా నాకు దక్కలేదు.

కుట్టు చూసి క్లబ్బులో అందరూ నోరు వెళ్లబెట్టారు. తర్వాత ఇంజను వేశాను. సంచులన్నీ గాలి మింగి, బుగ్గలు పూరించుకుని కూర్చున్నాయి. బండి అలిగిన ఇంటల్లుడిలా ఒక్క అంగుళం కదల్లేదు. మా క్లబ్బులో ఒక పళ్ల డాక్టరున్నాడు, రెండేళ్లుగా అతనే మొదటివాడు. "దీన్ని ఎక్కడా నడపకు, హాల్లో సోఫాగా వేసుకో" అన్నాడు.

సంచుల అడుగు తెరిచే ఉండాలి మావయ్యా. ఆ గాలి కిందికి వస్తేనే బండి లేచేది. తిరిగి పంపుతున్నాను. దయచేసి విప్పండి. ఇంకా మూడు వారాలే ఉంది.

మీ మేనకోడలు

తా.క.: ఉత్తరంలో గర్జిస్తారు, తా.క.లో నవ్విస్తారు. మీలో ఇద్దరున్నారు మావయ్యా!

---

మేనకోడలికి,

దీవెనలు ఉన్నాయి గానీ ఈసారి కొంచెం తగ్గించాను.

నలభై ఏళ్లలో నా కుట్టు నా షాపులోనే విప్పడం ఇదే మొదలు. నీ కోసం ఆ పాపమూ చేశాను. అడుగులన్నీ తెరిచి, అంచులు మడిచి కుట్టి పంపుతున్నాను. ఇక అవి గాలి వదులుతాయో, పాట పాడతాయో నీ పూచీ. ఆ పళ్ల డాక్టరుకి చెప్పు: నేను అతని దగ్గరికి వచ్చి పళ్లెలా పీకాలో చెప్పానా?

మావయ్య

తా.క.: స్కూల్లో నీ యూనిఫారం ఎప్పుడూ కుడివైపే చిరిగేది. నిలబడినా కూర్చున్నా కుడికే ఒరిగేదానివి. ఇప్పటికీ అంతేనా? జవాబు అక్కర్లేదు, అంతే అయ్యుంటుంది. పైన అరుపులు పట్టించుకోకు. అన్నం తిన్నాక నేను మామూలు మనిషినైపోతాను.

---

మావయ్యా,

పోటీ రేపే. ఇప్పుడే కొలిచి చూశాను. కుడి వెనక మూలలో నాలుగు సంచులు మిగతావాటికంటే అర అంగుళం పొడుగున్నాయి. ఎక్కడైతే చిరుగుతోందో సరిగ్గా అక్కడే! కొలవాల్సింది బండిని, మీరేమో నా స్కూలు యూనిఫారం దగ్గరే ఆగిపోయారు. తిరిగి పంపే టైము లేదు. వీటితోనే దిగుతాను. నా చోటు పోతే పోనీ.

పెద్దవారు, ఏమీ అనకూడదు. కానీ మావయ్యా, ఇకమీదట కళ్లజోడు మార్చుకుని కొలతలు తీసుకోండి.

మీ మేనకోడలు

---

మావయ్యా, మావయ్యా,

చెంపలేసుకుని రాస్తున్నాను.

పూర్తి చేశాను! ఎనిమిది చుట్లూ! గడ్డి మీద, బురద మీద, చెరువు మీద, ఎక్కడా ఆగలేదు. నాలుగో చుట్టులో పళ్ల డాక్టరు స్కర్టు చిరిగి, ఆయన చెరువు మధ్యలో కూలబడ్డాడు. పక్కనుంచి వెళ్తూ నేను చెయ్యి ఊపాను. మూడో స్థానం నాది. షెడ్డులో చోటు నాదే.

దిగాక ఆయనే వచ్చి నా స్కర్టు తిరగేసి చూశాడు. "నువ్వు మలుపుల్లో కుడికి వాలిపోతావు. బరువంతా ఆ మూల మీద పడి సంచులు నలిగి చిరిగేవి. ఆ నాలుగూ కొంచెం పొడుగు పెట్టి, ఇంకో పొర వేశారు. ఎవరు కుట్టింది?" అన్నాడు. "మా మావయ్య" అన్నాను. మావయ్యా, ఆ మాట అన్నప్పుడు నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. కప్పు అందుకున్నప్పుడు కూడా నాకంత గర్వంగా అనిపించలేదు.

బండిని కొలవమన్నాను. మీరు నన్ను కొలిచారు. చిన్నప్పటినుంచీ కొలుస్తూనే ఉన్నారు. కళ్లజోడు మాట క్షమించండి.

మీ మేనకోడలు

తా.క.: పేపర్లో ఫొటో చూసి అమ్మకి తెలిసిపోయింది. రెండు గంటలు తిట్టింది. ఇప్పుడు ఆ పేపరు పట్టుకుని వీధి చివరి ఇంట్లో ఉంది.

---

అమ్మాయీ,

ఈ ఉత్తరం నా చేత్తో నేనే రాస్తున్నాను. వరసలు ఒకదాని మీదకొకటి ఎక్కుతాయి, సర్దుకుని చదువుకో.

కళ్లజోడు మార్చమన్నావు. మూడేళ్లలో అయిదుసార్లు మార్చాను. తప్పు అద్దాలది కాదు. నేను సూదిలో దారం ఎక్కించి మూడేళ్లయింది. కత్తిరింపు ఇంకా నాదే, కొలత వేళ్లకి తెలుసు. కుట్టు మొత్తం మీ అత్తయ్యది. ఉత్తరాలు కూడా నేను చెబుతుంటే ఆవిడే రాసింది. తా.క.లు మాత్రం నేను ఒక్కటీ చెప్పలేదు. నువ్వు మెచ్చుకున్నావని నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివించుకుంటే, అప్పుడు బయటపడింది ఆవిడ బండారం.

ఆ అర అంగుళం సంగతీ నాకు తెలియదు. నేను కత్తిరించింది అన్నీ సమానంగానే. నేను వదిలిన మడతలోంచి ఆవిడే ఆ నాలుగింటికీ అర అంగుళం విప్పి, వెనక ఇంకో పొర వేసింది. నీ యూనిఫారాలకి కుడివైపు అంచు వదులు చేసేది కూడా ఆవిడేనట. అదీ ఇప్పుడే తెలిసింది.

నలభై ఏళ్లలో నా షాపు గడప దాటిన బట్టల్లో అదే గొప్పది. అది కుట్టింది నేను కాదు. ఈ మాట రాయాలంటే సిగ్గేస్తుందనుకున్నాను. వెయ్యలేదు, ఛాతీ ఉప్పొంగుతోంది. లేబుళ్లు మార్పిస్తున్నాను. ఇద్దరి పేర్లూ ఉంటాయి, ఆవిడది ముందు.

ఆ పళ్ల డాక్టరు మళ్లీ అడిగితే సరిగ్గా చెప్పు.

నీ మావయ్య

తా.క.: అత్తయ్యని, ఎప్పటిలాగే. వచ్చే పోటీకి ఇద్దరం వస్తున్నాం. అది అయిపోయాక మీ మావయ్యని నీ వెనక కూర్చోబెట్టుకుని ఒక్క చుట్టు తిప్పు. సరిగా కనపడకపోయినా, లేచినట్టు ఒంటికి తెలుస్తుందిగా. ఆయన ఎడమకి ఒరుగుతారు, నలభై ఏళ్లుగా చూస్తున్నాను. సూదీ దారం తెస్తున్నాను, ఎడమ మూల నాలుగు సంచులకి అర అంగుళం వదులు చేద్దాం.