తూకం నిలబడేదాకా

ఎమ్మిగనూరు, 1987 డిసెంబరు, గురువారం రాత్రి

ఆదోని పత్తి ప్రెస్సులో ఈరోజు ఉలిగమ్మ చెయ్యి పోయింది. ఆసుపత్రి వరండాలో నన్ను చూసి ఒకే మాట అంది: "తాడు గుంజినాను సార్. మిషన్ నిలబడల్యా."

గుంజింది, ఆపద వస్తే మిషన్ ఆపడానికి కట్టిన తాడది. ఆ సంకేతం నేను ప్రోగ్రాం రాసిన కంప్యూటర్ పెట్టెదాకా వచ్చింది కూడా. అలాంటి ఇంటరప్ట్, అంటే మధ్యలో వచ్చే అత్యవసర పిలుపు, రాగానే పెట్టెను నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్, చేస్తున్న పనిని ఎక్కడిదక్కడ వదిలేసి, ముందు ప్రెస్సును ఆపాలి. పెట్టె పెట్టిందే అందుకు. కానీ అదే పెట్టె తీసే పత్తి బేళ్ల తూకాలు కలగాపులగం అవుతున్నాయని కిందటి నెల ప్రెస్సు షావుకారు కేకలేశాడు. దాంతో తూకం తీసుకునేంతసేపూ ఏదీ మధ్యలో అడ్డురాకుండా ఇంటరప్టులన్నీ, తాడుదాంతో సహా, మూసేశాను. రెప్పపాటే కదా అనుకున్నాను. ఈ బల్ల మీద పరీక్షించినప్పుడు అంతే పట్టింది మరి. అక్కడ ప్రెస్సు నడుస్తుంటే నేలంతా అదురుతుంది, కాటా మీద అంకె నిలవదు. అది నిలిచేదాకా నా కెర్నెల్ ఎవరి మాటా వినలేదు. ఆ తర్వాతే తాడు సంకేతం అందుకుని ప్రెస్సును ఆపింది.

సరిచేసేదాకా నడపొద్దని సాయంత్రం షావుకారును బతిమాలాను.

"సీజన్లో దాన్ని ముట్టొద్దప్పా. మళ్లీ తూకాలు చెడితే నేను యాడికి పోవాల? రేపట్నించి ఉలిగమ్మ బదులు దాని సెల్లెలు వస్తాంది. అది సరే, అప్పుడు కాటా మీదుండిన ఆ బేలు తూకం సరిగ్గా వచ్చినాదా లేదా, సెప్పు."

చూశాను. సరిగ్గానే వచ్చింది.